ఇండ్ల నడుమ జూదగృహము: సంఘము ఏమనవలెను?

(శతవార్షిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక కమిటీవారు నాకిచ్చిన అంశము, నివాస ప్రాంతముల దగ్గర కాసినోలు ఉండవచ్చునా అనునది. కార్యక్రమ పత్రికలో దీనిని చూచి కొందరు నవ్వినారు. ఒక పెద్దమనిషి నన్ను గేటు దగ్గర ఆపి, "అయ్యగారూ, మన హైదరాబాదులో కాసినో ఎక్కడున్నదండీ? లేనిదాని మీద అరగంట ఏమి చెప్పుతారు?" అని అడిగినారు. ఆయన మాట సబబే. తెలంగాణలో కాసినోకు లైసెన్సు ఇచ్చు పద్ధతి లేదు. 1974 నాటి గేమింగ్ చట్టము ప్రకారము జూదగృహము నడుపుట నేరము. మన దేశములో కాసినోలకు తలుపు తెరచిన రాష్ట్రములు గోవా, సిక్కిం. ఇక్కడినుండి ఆ రెండును దూరమే.

అయినను ఈ అంశమును నేను కాదనలేదు. కాసినో అను పేరు కొత్తది గాని, ఇండ్ల నడుమ జూదగృహము అను సంగతి మన ఊరికి కొత్త కాదు. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటి ఉండెడిది. 1963 మే నెలలో పోలీసులు ఆ క్లబ్బు మీద దాడిచేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుచున్నవారిని పట్టుకొన్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేసినారు. హైకోర్టు కొట్టివేసినది. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయినది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లాగారు తీర్పు చెప్పుచు, రమ్మీ కేవలము అదృష్టము మీద నడుచు మూడుముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని ఆడవలసిన నైపుణ్యపు ఆట అనీ అన్నారు. ఇంతవరకు చాలామందికి తెలియును. క్లబ్బుల యజమానులు దశాబ్దముల పాటు ఈ భాగమునే అద్దము కట్టించి గోడకు తగిలించుకొన్నారు. కాని అదే తీర్పులో మరియొక మాట ఉన్నది. క్లబ్బువారు ఆ ఆట మీద లాభము సంపాదించుచున్నట్లు రుజువైన యెడల నేరము మోపవచ్చునని కూడ అందులో ఉన్నది. ఆ భాగమును ఎవరును అద్దము కట్టించలేదు.

దేశమంతట రమ్మీ కేసులలో వకీళ్లు చూపించు తీర్పు మన సికింద్రాబాదు వీధిలో పుట్టినది. కనుక హైదరాబాదు క్రైస్తవుడు "మాకు దీనితో పనిలేదు" అని చెప్పుటకు వీలు లేదు.

మలక్‌పేట సంగతి కూడ చూడండి. గుర్రపు పందెములు 1868లో మౌలాలీలో మొదలై, నిజాం మహబూబ్ అలీఖాన్ కాలములో 1886లో మలక్‌పేటకు వచ్చినవి. ఆనాడు అది ఊరి అంచు. ఇప్పుడు దాని చుట్టూ ఇండ్లు, బడులు, ఆసుపత్రులు. రేస్‌కోర్సు ఇండ్ల దగ్గరకు నడిచి రాలేదు, ఇండ్లే దాని దగ్గరకు పోయినవి. పట్టణములు పెరుగు తీరు అట్టిది. ఈనాడు "ఊరికి దూరముగా పెట్టినాము" అని చెప్పుకొన్నది ముప్పది సంవత్సరములకు ఊరి నడుమకు వచ్చును. దూరమును నమ్ముకొని ఇచ్చిన అనుమతి దూరము పోయిన తరువాత కూడ నిలిచియుండును.

ఇప్పుడు వాక్యము దగ్గరకు వత్తును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టించినవాడు దాని కప్పు చుట్టూ పిట్టగోడ కట్టవలెను. కట్టకపోగా ఎవడైనను పైనుండి పడి చచ్చిన యెడల ఆ రక్తదోషము ఇంటి మీదికి వచ్చును. మన మేస్త్రీలు ఈ ఆజ్ఞ ఎరుగకపోయినను దీనిని పాటించుచునే ఉన్నారు. ఇందులో నేను గమనించునది ఏమనగా, పడినవాడు ఎందుకు పడినాడని అక్కడ ప్రశ్న లేదు. వాడు తాగియున్నాడా, పరాకుగా నడిచినాడా, పిల్లవాడా, పెద్దవాడా అని అడుగలేదు. ఇల్లు కట్టినవానినే అడిగినాడు. నిర్గమకాండము 21లో గొయ్యి త్రవ్వి కప్పకుండ విడిచినవాని గూర్చి చెప్పినదియు ఇట్టిదే. అందులో పొరుగువాని ఎద్దు పడిన యెడల సొమ్ము ఇచ్చుకొనవలసినవాడు గొయ్యి త్రవ్వినవాడు.

మన వాదములలో సాధారణముగా మొదట వచ్చు మాట, "ఎవరి డబ్బు వారిది, ఆడేవాడికి బుద్ధి ఉండాలి గాని" అనునది. ఆడువానికి బుద్ధి ఉండవలెను, నేను కాదనను. ఎద్దు కూడ చూచుకొని నడచియుండవచ్చును. అయినను ధర్మశాస్త్రము గొయ్యి త్రవ్వినవానిని విడిచిపెట్టలేదు.

మనకు వెస్లియన్ మిషనరీల ద్వారా సువార్త అందిన సంఘములు అనేకమున్నవి గనుక జాన్ వెస్లీ మాట కూడ చెప్పుతాను. డబ్బు వినియోగమును గూర్చి ఆయన చేసిన ప్రసంగములో జూదము ప్రస్తావన వచ్చును. దానిని ఆయన సోమరితనము కిందనో, వ్యసనము కిందనో పెట్టలేదు. పొరుగువాని ఆస్తికి హాని చేయు పనుల వరుసలో పెట్టినాడు. ఆ వరుసలోనే మితిమీరిన వైద్యుల బిల్లులు, వకీళ్ల బిల్లులు, అక్రమ వడ్డీ కూడ ఉన్నవి. పొరుగువాని పొలమును, ఇంటిని మ్రింగు మార్గములలో జూదమొకటి అని ఆయన లెక్క. వైద్యుల బిల్లుల మాట వినగానే మనలో కొందరికి చిరునవ్వు వచ్చినది. దానిని గూర్చి మరియొకసారి మాటలాడుకొందము.

జూదగృహము ఎట్లు సంపాదించునో కొంచెము లెక్క చూడవలెను. రూలెట్ అను చక్రములో సున్నతో కలిపి 37 అంకెలు ఉండును. ఒక్కొక్క అంకె మీద ఒక రూపాయి చొప్పున 37 రూపాయలు పెట్టినారనుకొనండి. గెలిచిన అంకె మీద పెట్టినవానికి తన రూపాయితో కలిపి 36 చేతికి వచ్చును. మిగిలిన ఒక్క రూపాయి ఇంటివారిది. నూటికి మూడు రూపాయలు కూడ కాదు. "ఇంతేనా! మా వీధి వడ్డీవ్యాపారి దీనికంటె అన్యాయము" అని మీరు అనవచ్చును. కాని చక్రము ఒకసారి తిరిగి ఆగదు. గంటలో ముప్పది నలుబది సార్లు తిరుగును. తిరిగినప్పుడెల్ల బల్ల మీది డబ్బునుండి ఆ కొంచెము తీయబడును. ఆటగాళ్లలో ఈ రాత్రి ఒకడు గెలుచును, ఒకడు ఓడును. ఇల్లు మాత్రము ఆడదు, తీసికొనును. క్లబ్బులో కుర్చీకి ఇంత అని వసూలు చేసినను, ఫోనులో ఆటకు ఇంత అని కోసుకొన్నను లెక్క ఒకటే.

ఈ లెక్కను అర్థము చేసికొన్నవారికి, ఇండ్లకు దగ్గరా దూరమా అను ప్రశ్న ఎందుకు పెద్దదో తెలియును. ఏడాదికి ఒకసారి వచ్చు యాత్రికుని వలన ఇంటికి వచ్చునది తక్కువ. ప్రతిదినము సాయంకాలము పని ముగించుకొని, పది నిమిషములు నడచి వచ్చు పొరుగువాని వలన వచ్చునది ఎక్కువ. కనుకనే కాసినోలు నడుపు దేశములు ఒక వింత పని చేసినవి. మొనాకోలో మాంటెకార్లో కాసినో ఉన్నది, ఆ దేశపు పౌరులు అందులో ఆడరాదు. నేపాలులో కాసినోలున్నవి, నేపాలీలకు ప్రవేశము లేదు. గోవాలో మాండోవి నదిలో ఓడల మీద కాసినోలు నడుచుచున్నవి. 2020 ఫిబ్రవరి నుండి గోవావారు వాటిలో ఆడరాదని ఆ ప్రభుత్వమే కట్టడి చేసినది. మనవారు వేలమంది ఉద్యోగములు చేయుచున్న సింగపూరులో 2010లో రెండు కాసినోలు తెరచినారు. బయటి దేశస్థులకు ప్రవేశము ఉచితము. స్వదేశస్థుడు లోపల అడుగు పెట్టవలెనన్న దినమునకు 100 డాలర్లు కట్టవలెను. 2019లో దానిని 150 చేసినారు. భార్యగాని తండ్రిగాని దరఖాస్తు పెట్టి ఆ మనిషిని లోపలికి రానీయకుండ ఆజ్ఞ తెచ్చుకొనవచ్చును.

మంచి వంటకము చేసినవాడు ముందు తన పిల్లలకు పెట్టును. ఈ వంటకము చేసినవారు తమ పిల్లలను విస్తరి దగ్గరకు రానీయలేదు. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము నాకు అవసరము లేదు. గోవావారు తమవారిని ఆపుకొన్నప్పుడు ఆ ఓడలలో కూర్చున్నవారెవరు? శనివారము సాయంకాలము శంషాబాదులో విమానమెక్కినవారు వారిలో ఉన్నారు. 2022 జూలైలో నేపాలు కాసినో యాత్రల సంబంధముగా ఎన్‌ఫోర్స్‌మెంటు అధికారులు హైదరాబాదులో సోదాలు చేసినారు. 2023 మే నెలలో థాయిలాండులోని పట్టాయా హోటలులో జూదము మీద దాడి జరిగినప్పుడు పట్టుబడినవారిలో ఎనుబదిమందికి పైగా భారతీయులు. ఆ వార్త మన తెలుగు పత్రికలలో మొదటి పేజీలోకి ఎందుకు వచ్చినదో మీకు చెప్పనక్కరలేదు.

కనుక కమిటీవారి ప్రశ్నకు నా సమాధానము: ఉండరాదు. ఇండ్ల దగ్గర జూదగృహమునకు చోటు ఇవ్వరాదు. అనుమతి అడిగినవాడు పన్ను కట్టుతానన్నను, వెయ్యి ఉద్యోగములు ఇస్తానన్నను ఇవ్వరాదు. పన్ను మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. 2023 అక్టోబరులో ఆన్‌లైన్ ఆటల మీద, కాసినోల మీద, గుర్రపు పందెముల మీద జి.ఎస్.టి. నూటికి 28 చేసినారు. 2025 సెప్టెంబరులో 40 చేసినారు. ఓడిన డబ్బులో భాగము తీసికొన్న ఖజానా ఆ ఓటమిని ఆపుటకు తొందరపడునా అని అడుగుట ప్రజల హక్కు. అయితే ఈ విషయములో మన ప్రభుత్వములు కొంత చేసినవని కూడ ఒప్పుకొనవలెను. తెలంగాణ ఏర్పడిన తరువాత నగరములోని పేకాట క్లబ్బులు మూతబడినవి. 2017లో చట్టమును సవరించి, డబ్బు పెట్టి ఆడు రమ్మీకి ఉన్న మినహాయింపు తీసివేసి, ఆన్‌లైన్ ఆటలను నిషేధములో చేర్చినారు. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టినది.

ప్రసంగము ఇక్కడ ఆపవచ్చును. కాని అమీర్‌పేటలో సేవచేయుచున్న నేను ఇక్కడ ఆపినయెడల మా వీధి నన్ను ఒప్పుకొనదు.

మీలో అనేకులు మైత్రీవనము ఎరుగుదురు. హుడావారు కట్టించిన ఆ పెద్ద కట్టడము, దాని ప్రక్క ఆదిత్య ఎన్‌క్లేవ్, గోడ కనబడకుండ కోచింగ్ బోర్డులు. ఒకప్పుడు ఆ బోర్డుల మీద జావా, ఒరాకిల్ అని ఉండెడిది. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్సు. 2017 నవంబరులో మెట్రో మొదలైన తరువాత అమీర్‌పేట రెండు లైన్లు కలియు స్టేషనైనది, జనము మరింత పెరిగినది. అక్కడినుండి ఎస్.ఆర్. నగర్ వైపుగాని, బల్కంపేట వైపుగాని నడచిన యెడల సందు సందుకు హాస్టళ్లు. ఇది నివాస ప్రాంతము, ఇది వ్యాపార ప్రాంతము అని గీత గీయుట ఇక్కడ మునిసిపాలిటీవారికే కష్టము. క్రింద కర్రీ పాయింట్, మొదటి అంతస్తులో కోచింగ్, దాని మీద బాయ్స్ హాస్టల్, అన్నిటికంటె పైన ఓనరుగారి కాపురము. వైన్ షాపుకు గుడినుండి, బడినుండి, ఆసుపత్రినుండి 100 మీటర్ల దూరము ఉండవలెనని నిబంధన ఉన్నది. టేపు పట్టి కొలుచుటకు దుకాణమునకు ఒక తలుపు ఉన్నది. ఫోనులోని జూదగృహమునకు తలుపు ఎక్కడ? టేపు ఎక్కడ పెట్టి కొలుతురు?

రెండు సంవత్సరముల క్రిందట ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి నా యొద్దకు వచ్చినది. జనగామ వైపు పల్లె. మన సంఘస్థురాలు కాదు. సిలువ గుర్తు చూచి లోపలికి వచ్చినది. భర్త పత్తి పండించును. కొడుకు ఇంజినీరింగు ముగించి మైత్రీవనములో కోర్సు నేర్చుకొనుటకు వచ్చి, నలుగురున్న గదిలో చేరినాడు. ఫీజుకని పంపిన డబ్బు ఫోనులోని ఆటలో పెట్టినాడు. మొదట కొంచెము వచ్చినదట. తరువాత పోయినది. పోయినది రాబట్టుటకు అప్పుల యాప్‌లలో తీసికొన్నాడు. వారు అతని ఫోనులోని నంబర్లన్నిటికి సందేశములు పంపుటతో ఊరిలో తెలిసినది. కొడుకు మూడు దినములుగా గదిలో లేడు, ఫోను ఎత్తుట లేదు. ఆమె ఏడ్వలేదు. నిలువబడి నాతో ఒకే మాట రెండుసార్లు అన్నది: "అయ్యగారూ, మావోడు పేకముక్క ముట్టలేదు. ఊళ్లె ఆడేకాడికి గూడ నేను పోనియ్యలే. రూములనే ఉన్నడు గద."

కుర్రవాడు దొరికినాడు, దేవునికి స్తోత్రము. సికింద్రాబాదు స్టేషనులో రెండు రాత్రులు పడుకొని మూడవ దినమున స్నేహితుని గదికి వచ్చినాడు. పత్తి చేను నిలిచినదో లేదో నేను అడుగలేదు. ఆ తల్లి మాటకు మాత్రము నా దగ్గర జవాబు లేకపోయెను. ఆమె మనమందరము చేయునదే చేసినది. ఆడుచోటు ఎక్కడున్నదో చూచి, దానికి దూరముగా కొడుకును పెంచినది. ఆమె పిట్టగోడ ఇంటి చుట్టూ ఉన్నది. గొయ్యి గది మధ్యలో ఉన్నది.

ఇది ఒక్క ఇంటి కథ అనుకొనవద్దు. 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు ఒక రంగుల ఆటను పట్టుకొన్నారు. రాబోవు రంగు ఏదో ముందుగా చెప్పి డబ్బు పెట్టుట, అంతే ఆ ఆట. అందులో సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగినట్లు ప్రకటించినారు. రంగు చెప్పుటలో ఏ నైపుణ్యమున్నదో నాకు తెలియదు. అదే సంవత్సరము డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపుల మీద హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అరెస్టులు చేసినారు. ఆ రెండు వ్యాపారములు ఒకదానికొకటి ఎదురెదురు దుకాణముల వంటివి. ఒక దుకాణములో జేబు ఖాళీ చేసికొని, రోడ్డు దాటి రెండవదానికి పోవుదురు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారము చేసిరని మా పక్కనే ఉన్న పంజాగుట్ట పోలీసు స్టేషనులో 11 మంది మీద కేసు పెట్టినారు. తరువాత మియాపూరులో 25 మంది మీద, వారిలో పేరుమోసిన సినిమావారున్నారు. నేరము రుజువగుట కోర్టు పని, దానిలోనికి నేను పోను. నేను చూచునది ఒకటే. హాస్టలు పిల్లలకు ఆ యాప్‌ల పేర్లు చీకటిసందులోని ఏజెంటు వలన తెలియలేదు. వారు ప్రేమించు ముఖముల ద్వారా తెలిసినవి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టము చేసినది. డబ్బు పెట్టి ఆడు ఆటలను ఆన్‌లైనులో నడుపువానికి మూడు సంవత్సరముల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారము చేసినవానికి రెండు సంవత్సరములు, యాభై లక్షలు. నైపుణ్యమా అదృష్టమా అను పాత తర్కమునకు అందులో చోటు లేదు. ఆడినవానికి శిక్ష లేదు, వానిని బాధితునిగా చూచినారు. ఇది పిట్టగోడ ఆజ్ఞకు చాల దగ్గరి ఆలోచన అని నా నమ్మకము. ఆ చట్టము వచ్చినప్పుడు, వేలమందికి ఉద్యోగములు పోవునని కంపెనీలవారు మొర పెట్టుకొన్నారు. ఉద్యోగములు పోయినవారిలో మన పిల్లలు కూడ ఉందురు, వారి విషయమై ప్రార్థించుదము, వేరే పని చూచుకొనుటకు చేయి ఆసరా ఇచ్చుదము. ఎఫెసులో దేమేత్రి అను కంసాలి కూడ ఉద్యోగముల మాటే ఎత్తినాడు గదా.

చట్టము ఉన్నది గనుక ఇక నిద్రపోవచ్చునా? ఒక యాప్ మూయగానే పేరు మార్చుకొని బయటి దేశమునుండి మరియొకటి వచ్చుచున్నది. ఐ.పి.ఎల్. రాత్రులలో బల్కంపేట సందులలో హాస్టలు కిటికీల క్రింద నిలిచిన యెడల, కేకలు పరుగుల కొరకో, పందెము కొరకో తెలియును. కోహ్లి కొట్టినప్పుడు అందరును అరతురు. వైడ్ బాలుకు ఒక్కడు అరచిన యెడల అనుమానించవలసినదే.

ఇక మన ఇంటి విషయము. దీనిని కొందరు ఇష్టపడరని తెలిసియే చెప్పుచున్నాను. మన పాస్టరేట్లలో కోత పండుగ వచ్చినప్పుడు ప్రథమ ఫలముల వేలముతో పాటు లక్కీ డ్రా టికెట్లు అమ్ముచున్నాము, హౌసీ ఆడించుచున్నాము. పది రూపాయల టికెట్టు ఇప్పుడు కొన్నిచోట్ల వంద రూపాయలైనది. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కరు నుండి స్కూటీ వరకు వచ్చినది. ప్రశ్న వేసిన వెంటనే ఎవరో ఒకరు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము తెరతురు. మత్తీయను ఏర్పరచుటకు చీట్లు వేయలేదా అని అందురు. వేసిరి. అక్కడ ఎవరును ఏమియు పందెము పెట్టలేదు, యోసేపు బర్సబ్బా జేబులోనుండి ఏమియు పోలేదు. సువార్తలలో మరియొకచోట చీట్లు ఉన్నవి, సిలువ క్రింద. అక్కడ నలుగురు సైనికులు ఆడిన ఆటకు పెట్టిన సొమ్ము వారిది కాదు, పైన వ్రేలాడుచున్నవాని అంగీ. చీట్లు రెండుచోట్లను ఒకటే. ఎవరి సొమ్ము పోయినది అని అడిగినప్పుడే తేడా తెలియును.

లక్కీ డ్రా వలన చర్చి కప్పు మరమ్మతు జరిగినది, పేద విద్యార్థులకు పుస్తకములు కొన్నాము అని కోశాధికారులు చెప్పుదురు. నిజమే. అయితే మెదకు కథెడ్రల్ ఎట్లు లేచినదో మన పెద్దలు చెప్పిన మాట జ్ఞాపకము చేసికొనండి. కరువు దినములలో పాస్నెట్ దొరగారు ధాన్యము ఊరకే పంచక, జనమునకు పని కల్పించి, కూలి ఇచ్చి ఆ గోడలు లేపించిరని చెప్పుదురు. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠించబడిన ఆ మందిరమునకు 2024లో నూరేండ్లు నిండినవి. టికెట్టు అమ్మకుండ అంత పెద్ద కప్పు నిలిచినప్పుడు మన రేకుల కప్పుకు టికెట్టు తప్పనిసరి అని నేను నమ్మలేను.

హౌసీ విషయములో నాకు అంత పట్టుదల లేదు. బిస్కెట్ ప్యాకెట్టు బహుమతిగా పెట్టి, మన ముసలమ్మలు కళ్లజోడు సవరించుకొనుచు అంకెలు కొట్టుకొను గంటసేపు ఎవరి పొలమును పోదు. కొందరు సహోదర పాస్టర్లు దానిని కూడ ఆపివేసినారు, వారిని నేను తప్పుపట్టను. లక్కీ డ్రా మాత్రము ఆపవలెనని నా అభిప్రాయము. టికెట్టు పుస్తకములు పట్టుకొని ఆదివారపు బడి పిల్లలు ఇంటింటికి తిరుగుచున్నారు. పది టికెట్లు అమ్మినవానికి ఒకటి ఉచితము అనుచున్నాము. యాప్‌వారు స్నేహితుని చేర్చినవానికి బోనస్ ఇచ్చు పద్ధతి ఇదే. ఆ పిల్లవాడు రేపు మైత్రీవనములో గది తీసికొన్నప్పుడు ఆ ఆట అతనికి మొదటిసారి చూచినట్లు ఉండదు. మరియొక సంగతి కూడ పాస్టరేట్ కమిటీలు తెలిసికొనుట మంచిది. అనుమతి లేని లాటరీ నడుపుట నేరము. పాత శిక్షాస్మృతిలో అది 294-ఏ సెక్షను, 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 297. పుస్తకము మీద సంతకము పాస్టరుది, సెక్రటరీది.

ప్రథమ ఫలముల వేలము ఉండవలెను. మొదటి గుమ్మడికాయను నూరు రూపాయలకు పాడి, తిరిగి సంఘమునకే ఇచ్చివేసి, రెండవసారి పాడించు ఆనందము మన పల్లెలనుండి వచ్చినది. దానిలో ఓడువాడు లేడు.

మా సంఘములో మేము చేయదలచిన పని చెప్పి ముగింతును, ఎవరికైనను ఉపయోగపడునేమో. చర్చి వెనుక హాలు ఆదివారము సాయంకాలము నాలుగునుండి ఎనిమిది వరకు హాస్టలు పిల్లలకు తెరచియుంచవలెనని తీర్మానించినాము. ఏ మతమువారైనను రావచ్చును, ప్రసంగము ఉండదు, టీ ఉండును. అప్పులలో చిక్కుకొన్నవాడు మాటలాడదలచిన యెడల, బ్యాంకులో పనిచేసి రిటైరైన మన సంఘ పెద్ద ఒకాయన మూలగదిలో కూర్చుండును. లెక్క వ్రాసికొని, ఏ అప్పు ముందు తీర్చవలెనో, ఏ యాప్ మీద సైబర్ క్రైం నంబరు 1930కి ఫిర్యాదు చేయవలెనో చెప్పును. డబ్బు మాత్రము ఇవ్వడు, ఈ నియమము గట్టిగా పెట్టుకొన్నాము. వారానికి ఇద్దరు పురుషులు, ఒక స్త్రీ వంతులవారీగా అక్కడ ఉండవలెను. స్త్రీల మైత్రివారు మూడు నెలలకు పేర్లు ఇచ్చివేసినారు. పురుషులలో నాలుగు ఆదివారములకే పేర్లు వచ్చినవి. క్యారమ్స్ బోర్డులు రెండున్నవి, స్ట్రైకరు ఒకటే ఉన్నది.